మేయర్ గారి వ్యక్తిగత బరువు

మార్చి నెల మొదటి సోమవారం ఉదయం మా టామరాక్ ఫాల్స్ మేయర్ శ్రీ హార్లన్ వోల్డ్ గారు టౌన్ హాల్ మెట్ల మీద నిలబడి, ఇకనుంచి తన బరువు ప్రజల ఆస్తి అని ప్రకటించారు.

మంచు ఇంకా కరగలేదు. అయినా నలభై మంది దాకా వచ్చాం. మా విస్కాన్సిన్ ఊళ్లలో అంత చలిలో నలభై మంది బయట నిలబడ్డారంటే ఎవరైనా పోయి ఉండాలి, లేదా ఉచితంగా కాఫీ పోస్తూ ఉండాలి. ఆ రోజు కాఫీ పోశారు.

"నేను మూడు వందల ఎనభై పౌండ్లున్నాను," అన్నారు మేయర్ గారు, మైకు అక్కర్లేని గొంతుతో. "రెండు వందల యాభైకి దిగుతాను. రోజూ పొద్దున్నే తూకం ఎక్కుతాను. ఎంతుంటే అంత మీ కళ్లముందు పెడతాను. నా దగ్గర దాచేదేమీ లేదు. దాచడానికి చోటు మాత్రం బోలెడుంది."

జనం నవ్వారు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వారు. ఆయన్ని మూడుసార్లు గెలిపించింది ఆ నవ్వే. రోడ్లు కావని రోడ్లు చూసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు.

అసలు సంగతి మోకాళ్లది. రెండూ అరిగిపోయాయి. బరువు తగ్గితే తప్ప ఆపరేషన్ చేసేది లేదని సర్జన్ తేల్చి చెప్పాడు. ఇది మేయర్ గారు సభలో చెప్పలేదు. ఆయన భార్య ఇంగా తన పిల్లికి చెవి నొప్పని తీసుకొచ్చినప్పుడు నాకు చెప్పింది. నేను పశువైద్యుణ్ణి. మా ఊళ్లో ఎవరి ఆరోగ్యం ఎలా ఉందో నాకు వాళ్ల పిల్లుల ద్వారా తెలుస్తుంటుంది.

టౌన్ హాల్ పబ్లిసిటీ ఆఫీసరు ట్రూడీ మార్క్వార్ట్ మామూలు మనిషి కాదు. ప్రకటన వెలువడిన మర్నాటికే హైస్కూలు ఫుట్‌బాల్ మైదానంలో మూలపడి ఉన్న పాత స్కోర్ బోర్డు తెప్పించి టౌన్ హాల్ గోడకి బిగించింది. దాని మీద ఒకవైపు సొంత జట్టుకి 'హోమ్' అనీ, రెండోవైపు బయటి జట్టుకి 'విజిటర్స్' అనీ ఉంటుంది. హోమ్ కింద మేయర్ గారి బరువు ఎర్ర దీపాలతో వెలిగింది. విజిటర్స్ కింద ఏం పెట్టాలో అప్పటికి ఎవరికీ తోచలేదు.

మొదటి మూడు నెలలూ ఆయన నిజంగానే కష్టపడ్డారు. ఆ మాట ఎవరు కాదన్నా నేనొప్పుకోను. రెండు చేతికర్రలు పట్టుకుని నది వంతెన దాకా నడిచేవారు. మధ్యలో మా క్లినిక్ బెంచీ మీద కూర్చుని, జేబులోంచి క్యారెట్ తీసి దానికేసి కాసేపు చూసి తినేవారు.

"ఇది గుర్రాలకెలా నచ్చుతుంది డాక్టరూ?" అని ఒకసారి అడిగారు.

"వాటికి సాసేజ్ దొరకదు కదా," అన్నాను.

బోర్డు మీద అంకె రోజూ కొంచెం కొంచెం దిగింది. మూడు వందల యాభై రెండు దాకా వచ్చింది. బడికెళ్లే పిల్లలు బస్సు కిటికీలోంచి ఆ అంకె గట్టిగా చదివేవారు. కేఫ్‌లో 'మేయర్ సలాడ్' అని పెట్టారు, పైన వేయించిన పందిమాంసం చల్లి. ఊరి బుద్ధి ఒక్కసారిగా మారదు కదా.

జూన్ వచ్చింది. జూన్‌తో పాటు ఫైర్ స్టేషన్ వాళ్ల పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్టూ, చర్చి వాళ్ల యాపిల్ పైల అమ్మకమూ, శుక్రవారం శుక్రవారం చేపల వేపుడు విందులూ వచ్చాయి. ప్రతిదానికీ మేయరు రావాలి, వస్తే తినాలి. తినకపోతే వండినావిడ ముఖం చిన్నబోతుంది. మా ఊళ్లో వండినావిడకి కనీసం పద్దెనిమిది ఓట్లుంటాయి.

ఒక మంగళవారం పొద్దున అంకె రెండు పెరిగింది. మెట్ల కింద నిలబడ్డ జనం "అయ్యో" అన్నారు. ఆ అయ్యో ట్రూడీ గుండెల్లో గుచ్చుకుంది. సాయంత్రమే కౌన్సిల్ అత్యవసర సమావేశం పెట్టించింది. నేను ప్రేక్షకుల వరసలో కూర్చున్నాను.

"శనివారం మేయర్ గారు పాన్‌కేకులు ఎందుకు తిన్నారు?" అని ట్రూడీ సభని అడిగింది. "ఆకలేసి తిన్నారా?"

"లేదమ్మా," అన్నారు మేయర్ గారు. "ఇంట్లో ఉడకేసిన గుడ్డు తినే వెళ్లాను."

"విన్నారుగా! ఊరి తరఫున తిన్నారు. ఊరి తరఫున తిన్నది ఊరి బరువు. దాన్ని తీసుకెళ్లి ఆయన సొంత బరువులో కలపడం న్యాయమేనా?"

కౌన్సిల్లో ఆర్లో పీటర్కా ఒక్కడే ప్రతిపక్షం. మేయర్ గారితో ఒకటో తరగతి నుంచీ కలిసి చదివినవాడు. లేచి నిలబడ్డాడు.

"మరి ఆ ఊరి బరువు ఎక్కడ పెడతారు?"

"మేయర్ గారే మోస్తున్నారు."

"దానికి అలవెన్సు అడుగుతారా?"

"అక్కర్లేదు. ఉచితంగానే మోస్తున్నారు."

సభ చప్పట్లతో మోగిపోయింది. 

"నేను దీన్ని తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాను," అన్నాడు ఆర్లో. "కానీ అది రాసుకోకండి. రేపు మా బావమరిది సాసేజ్ దుకాణానికి వీడే రిబ్బన్ కత్తిరించాలి. ఏరా హార్లన్, వస్తావుగా?"

"వస్తానురా," అన్నారు మేయర్ గారు, కళ్లు దించుకుని.

తీర్మానం ఏకగ్రీవమైంది. మర్నాటి నుంచి హోమ్ కింద మేయర్ గారి వ్యక్తిగత బరువు, విజిటర్స్ కింద అధికారిక బరువు వెలిగాయి. వారం తిరిగేసరికి విజిటర్స్ అంకె చూసి జనం గుసగుసలాడుతున్నారని ట్రూడీ ఆ పక్క బల్బులు తీయించేసింది. కరెంటు ఆదా అని చెప్పింది.

ఆ తర్వాత జరిగిన అభివృద్ధిని వర్ణించడం నా వల్ల కాదు. విందు అయిన ప్రతిసారీ ట్రూడీ ప్లేటు చూసి ఒక అంచనా వేసేది, ఆయన వ్యక్తిగత బరువులోంచి అంత తీసేసేది. ఆవిడ చెయ్యి ఉదారమైనది. కాబట్టి మేయర్ గారు ఎంత తింటే ఆయన వ్యక్తిగత బరువు అంత తగ్గేది. ఒక్క చేపల విందుకే మూడు పౌండ్లు పోయాయి. సాసేజ్ దుకాణం ప్రారంభోత్సవం రోజు ఐదు. "మా ఇంటికొచ్చి తినండి, మీరు తగ్గితే మాకూ సంతోషం" అని జనం ఎగబడ్డారు. పాపం మేయర్ గారు ఎవరినీ కాదనలేకపోయారు. నడక మానేశారు. చేతికర్రలు వదిలేసి నాలుగు చక్రాల బ్యాటరీ కుర్చీబండి మీద తిరగడం మొదలుపెట్టారు.

ఆగస్టులో ఒక పొద్దున నేను క్లినిక్ తలుపు తీసేసరికి ఇంగా, ఆయనా బయట ట్రక్కులో కూర్చుని ఉన్నారు. పిల్లి లేదు.

"సర్జన్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది," అంది ఇంగా. "ఈయన సంగతి పేపర్లో చూశారట. రెండు వందల డెబ్బైకి వచ్చేశారటగా, ఇక రండి, ఆపరేషన్ తేదీ ఇస్తాం అంటున్నారు. అక్కడికెళ్తే వాళ్ల తూకం ఎక్కాలి కదా డాక్టరూ! ముందు నీ దగ్గర ఎక్కిద్దామని తీసుకొచ్చాను."

"ఇంట్లోది లేదా?"

"అది ఈయన ఎక్కగానే అంకె చూపించడం మానేస్తుంది."

"టౌన్ హాల్లోది?"

"దాన్ని ట్రూడీ గదిలో పెట్టి తాళం వేసింది. ఇప్పుడెవరూ తూచట్లేదు. లెక్క కట్టేస్తున్నారు."

మా దగ్గర పశువుల తూకం ఉంది. వైద్యానికని రాత్రి మా దగ్గరే ఉంచిన పెయ్య ఒకటి దాని మీదే పడుకుని ఉంది. దాన్ని దింపాను. మేయర్ గారు ఇనుప కమ్మీ పట్టుకుని, ఒక్కో కాలూ చేత్తో ఎత్తి పెట్టుకున్నట్టుగా ఎక్కారు. ఎక్కి కళ్లు మూసుకున్నారు.

"చెప్పకు డాక్టరూ."

"మరి ఎక్కడం దేనికి?"

"నీకైనా తెలియాలని. ఊళ్లో ఒక్కడికైనా తెలిస్తే నాకు కాస్త బరువు దిగినట్టుంటుంది."

నేను చూశాను. ఇంగా కూడా చూసింది. వంగి ఆయన బూట్లకంటిన పేడ తుడిచింది.

"ఊరందరికీ చెప్పేస్తే పోదా హార్లన్?" అన్నాను.

"ఎలా చెప్పను? నిన్న రెండో తరగతి పిల్లలొచ్చి నా బొమ్మలు వేసి ఇచ్చారు. సన్నగా గీశారు డాక్టరూ." ఆయన ఒక చెయ్యి కమ్మీ మీంచి తీసి గడ్డం కింద తడుముకున్నారు. "నాకు మెడ పెట్టారు."

పశువైద్యుడు రోగుల రహస్యాలు దాచాలని ఏ చట్టంలోనూ లేదు. అయినా నేను దాచాను.

సెప్టెంబరు రెండో ఆదివారం మేయర్ గారి వ్యక్తిగత బరువు రెండు వందల యాభైకి చేరినట్టు ట్రూడీ ప్రకటించింది. లక్ష్యసాధన ఉత్సవం జరపాలని కౌన్సిల్ నిర్ణయించింది. ఏదైనా ఎత్తుగా ఉండాలని ట్రూడీ అంది. పక్క కౌంటీ నుంచి వేడిగాలి బెలూన్ తెప్పించారు. దాన్ని నడిపే మావిస్ క్రోగ్‌ని కూడా తెప్పించారు. నిండుగా ఉండే మనిషి, నోట్లో మాట దాచుకోదు, ఆవిడ కుక్కకి వైద్యం నేనే చేస్తాను. బెలూన్‌ని పొడుగాటి తాడుతో ఫైరింజనుకి కట్టారు. తాడు పొడవు మేరకే పైకి లేచి, ఊరంతటికీ చెయ్యి ఊపి దిగాలన్నది కార్యక్రమం.

మేయర్ గారిని బెలూన్ కింది బుట్టలోకి ఎక్కించడానికి చిన్న నిచ్చెన వేశారు. ఆయన వెనక ట్రూడీ, ఆవిడ వెనక ఆర్లో ఎక్కారు. వాళ్లకి ముందే మావిస్ లోపలుంది.

"ఒక్కొక్కళ్లూ బరువు చెప్పండి," అంది మావిస్.

"మేయర్ గారు రెండు వందల యాభై," అంది ట్రూడీ.

మావిస్ ఆయన్ని పైనించి కిందిదాకా చూసింది. "ఈయనా?"

"నమ్మకం లేకపోతే బోర్డు చూడండి."

"బోర్డుని ఎక్కించట్లేదమ్మా నేను," అని మావిస్ మంట పెంచింది. గుయ్యిమని రొద. బుట్ట కదల్లేదు. ఇంకాస్త పెంచింది. ఉహూఁ.

"ఎవరో ఒకరు దిగాలి," అంది.

బుట్టలో అందరికీ ఎవరు దిగాలో తెలుసు. అందుకని ఎవరూ అటు చూడలేదు.

"నేను దిగుతానులెండి, రాత్రి కొంచెం ఎక్కువ తిన్నాను," అన్నాడు ఆర్లో. దిగాడు. మంట మళ్లీ లేచింది. బుట్ట మాత్రం అలాగే ఉంది.

"నాకు కింద చాలా పనులున్నాయి," అంటూ ట్రూడీ దిగింది. బుట్ట ఒకసారి వణికి, మళ్లీ కుదురుకుంది.

జనం గుసగుసలు మొదలెట్టారు. మేయర్ గారి మెడ, అంటే మెడ ఉండాల్సిన చోటు, ఎర్రబడింది. మావిస్ నాకేసి తిరిగింది.

"ఏమయ్యా డాక్టరూ, మీ ఊళ్లో తూకాలూ అవీ నీ దగ్గరేగా ఉండేది? సంగతేమిటో నువ్వు చెప్పు."

అందరూ నన్ను చూశారు. మేయర్ గారు కూడా.

"నీ బరువెంత మావిస్?" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. ఏమనుకుందో, నిట్టూర్చింది. "తాడు గట్టిదేలే. ఇదిగో మేయరూ, పొరపాటున కూడా ఈ మంట పిడి ముట్టుకోకు," అని కాలు బయటపెట్టి నేలమీదికి దిగింది.

బెలూన్ లేవలేదు. ఎగిరింది. ఒక్క ఊపులో చర్చి గంటస్తంభం దాటి, తాడు చివరిదాకా పోయి ఆగింది. ఊరంతా హోరుమంది.

"ఎంత తేలికైపోయాడో చూశావా!" అంటూ కేఫ్ ఆవిడ కళ్లు తుడుచుకుంది.

ట్రూడీ అప్పటికే బోర్డు దగ్గరికి పరిగెత్తింది. నేల మీద మేయర్ గారి భారం ప్రస్తుతం ఏమీ లేదు కాబట్టి హోమ్ కింద సున్నా వెలిగించింది. చప్పట్లు రెట్టింపయ్యాయి.

అప్పుడు పైనుంచి కేక వినిపించింది.

"డాక్టరూ! ఆ రోజు ఎంత?"

నేను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను. "ఇప్పుడా?"

"ఇప్పుడే! కిందికొస్తే మళ్లీ అడగలేను!"

"మూడు వందల తొంభై ఒకటి!" అని అరిచాను.

ట్రూడీ చెయ్యి ఎత్తింది. బ్యాండు మొదలైంది.

"ఎంతా?"

మళ్లీ అరిచాను. ఈసారి బాకా ఊదేవాడు నా చెవి పక్కకే వచ్చి నిలబడ్డాడు. మేయర్ గారికి వినపడిందో లేదో నాకు తెలీదు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నారు. జనం కూడా ఏదో జాతీయ సందర్భమనుకుని టోపీలు తీశారు.

"ఇంక దించండి!" అన్నారు.

"వేడి తగ్గితే అదే దిగుతుంది, టైము పడుతుంది," అంది మావిస్.

ఇంగా చేతిసంచీ గడ్డిలో పెట్టింది. నేరుగా ఫైరింజను దగ్గరికెళ్లి తాడు రెండు చేతులా పట్టుకుంది. "దిగవయ్యా! మళ్లీ క్యారెట్లతో మొదలెడదాం! సర్జన్‌కి నేనే చెబుతాను!" అని పైకి అరుస్తూ ఒంటరిగా లాగింది. ఆవిడ చెప్పులు గడ్డిలో జారిపోయాయి. నేనెళ్లి వెనక పట్టుకున్నాను. ఆర్లో, "ఒరేయ్ హార్లన్, కదలకుండా నిలబడరా!" అంటూ వచ్చి కలిశాడు. మావిస్ వచ్చింది. ఫైర్ స్టేషన్ వాళ్లు వచ్చారు. కేఫ్ ఆవిడ ఏప్రన్‌తోనే వచ్చింది. చివరికి బాకా ఊదేవాడు కూడా బాకా కింద పెట్టి రావలసి వచ్చింది.

సున్నా బరువున్న మనిషిని నేలమీదికి తేవడానికి మొత్తం పద్నాలుగు మందిమి పట్టాం.