మంత్రిగారు సంతకం చేసిన కిడ్నీ

"ఈ ఆస్పత్రిలో మార్చిన కిడ్నీకి ఇకమీదట ఏ జబ్బూ రాదు. వస్తే సహించేది లేదు!" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించారు. అంత గట్టిగా హెచ్చరించాక ఏ కిడ్నీ మాత్రం తలెగరేస్తుంది?

ఆయన ధైర్యానికి కారణం కొత్త స్కానింగ్ మెషీను. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళ పొట్ట మీద ఆనిస్తే చాలు, లోపల రక్తం పారుతోందా, నీరు చేరిందా, మూత్రం గొట్టం మూసుకుపోయిందా, అన్నీ తెర మీద చూపిస్తుంది. అది వచ్చి మూడు వారాలైంది. దాన్ని ఆహ్వానించడానికి పాతదాన్ని ముందే సాగనంపారు. నేను ఆ విభాగంలో స్ట్రెచర్ తోసేవాణ్ణి కాబట్టి రోజూ కొత్తదాని మీద దుమ్ము దులిపే భాగ్యం నాకు దక్కింది. దాని చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి ఉంది. మంత్రిగారొచ్చి కత్తిరించేదాకా ఎంతటి కిడ్నీ అయినా ఆగాల్సిందే.

ఆగలేని కిడ్నీ ఒకటి ఆరో నంబరు మంచం మీద ఉంది. మంచం మీద మా తమ్ముడు, వాడి పొట్టలో నా కిడ్నీ. రెండు నెలల కిందట నా ఎడమ పక్క కోసి, తీసి, వాడికి పెట్టారు. ఇన్నాళ్ళూ శుభ్రంగా పనిచేసింది. మూడు రోజులుగా వాడి కాళ్ళు వాచాయి, మొహం ఉబ్బింది, మూత్రం సీసాలో మొదటి గీత దాటట్లేదు.

స్కాన్ డాక్టరమ్మ వాడి పొట్ట నొక్కి చూసి నన్ను పక్కకి పిలిచింది.

"లోపల నీరు చేరి గొట్టాన్ని నొక్కుతున్నట్టుంది. చిన్న ట్యూబు పెట్టి తీసేస్తే సరిపోతుంది. కానీ స్కాన్‌లో చూడకుండా గుడ్డిగా పొడవలేను కదా. ఇంకో మూడు రోజులు ఇలాగే ఉంటే ఆ కిడ్నీ మనకి దక్కదు."

"రిబ్బను విప్పి మళ్ళీ కట్టేస్తానమ్మా. ఆ ముడి నాకొచ్చు."

"సూపరింటెండెంటుగారు ముడి మీద సీలు వేయించారయ్యా."

మా అదృష్టం, ప్రారంభోత్సవం మర్నాడే. పొద్దున్నే తమ్ముణ్ణి స్ట్రెచర్ మీద తీసుకొచ్చి స్కాన్ గది గుమ్మంలో అందరికంటే ముందు పెట్టాను. సూపరింటెండెంటుగారు వచ్చి వాణ్ణి తల నుంచి పాదాల దాకా చూశారు.

"ఎవరయ్యా ఇతను? ఇలా ఉబ్బిపోయాడేంటి?"

"పేషెంటండీ."

"అది చూస్తేనే తెలిసిపోతోంది. అలా తెలిసిపోతే ఎలా? పేపర్లో ఫొటో పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పేషెంటు ఎవరూ లేరా?"

అప్పుడు ముందుకొచ్చాడు పార్టీ కార్యకర్త. మంత్రిగారి మెడలో పడే ప్రతి దండా ముందు ఇతని చేతుల్లోంచే పోవాలి కాబట్టి అందరూ దండలన్న అంటారు. మనిషి గుమ్మానికి సరిపడా ఉంటాడు. "పార్టీ కోసం నిలబడ్డాను, పరిగెత్తాను. పడుకోలేనా సార్?" అంటూ అప్పటికే చొక్కా విప్పేస్తున్నాడు.

కంప్యూటరు మాత్రం ఒప్పుకోలేదు. మార్పిడి జరిగిన పేషెంటు నంబరు కొడితేనే పని మొదలుపెడతానంది.

"ఆ ఉబ్బినాయన నంబరు కొట్టండి," అన్నారు సూపరింటెండెంటుగారు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. దండలన్న బల్ల మీద పడుకుని, విలేకరుల వైపు తిరిగి, "చచ్చేవాణ్ణి అన్నా! కొత్త కిడ్నీ పెట్టించి బతికించారు మా మంత్రిగారు," అని భోరుమన్నాడు. నిజం తెలిసిన నాకే కళ్ళు చెమర్చాయి. మార్చిన కిడ్నీని పొట్ట కింది భాగంలో ఓ పక్కన అమరుస్తారు. డాక్టరమ్మ అక్కడ జెల్ రాసి ఎంతోసేపు వెతికింది.

"ఏం కనిపిస్తోందమ్మా?" అని అడిగారు మంత్రిగారు.

"ఏమీ కనిపించట్లేదండీ."

"సరిగ్గా చూడండి. ప్రజలు చూస్తున్నారు."

"చూశానండీ. అక్కడ ఏమీ లేదు."

మంత్రిగారు మైకు అందుకున్నారు. "విన్నారుగా! ఏమీ లేదు! నీరు లేదు, వాపు లేదు, లోపమన్నదే లేదు. మొదటి స్కాన్‌లోనే నూటికి నూరు శాతం!"

చప్పట్లు మోగిపోయాయి. ఆ స్కాన్ బొమ్మ మీద ఆయన ఆకుపచ్చ ఇంకుతో సంతకం చేసి, ఈ రికార్డు చెడకుండా చూసుకోమని చెప్పి వెళ్ళారు.

మధ్యాహ్నం సూపరింటెండెంటుగారి గదికి వెళ్ళాను.

"మీ తమ్ముడికి స్కాన్ అయిపోయిందిగా," అన్నారు కంప్యూటరు చూసి.

"పడుకున్నది దండలన్న కదండీ!"

"ఎవరు పడుకున్నారని కంప్యూటరు అడగదయ్యా. నంబరు మీ తమ్ముడిది, రిపోర్టు నార్మల్. మళ్ళీ మూడు నెలల తర్వాతే."

"కాళ్ళు వాచిపోయాయండీ."

"కాళ్ళ మీద ఎవరూ సంతకం పెట్టలేదు, అవి వాస్తే వాయనీ. కిడ్నీ మీద మంత్రిగారి సంతకం ఉంది. దాంట్లో లోపం వెతుకుతానంటావా? ఎంత ధైర్యం నీకు!"

అంత దూరం ఆలోచించనందుకు సిగ్గుపడి బయటికొచ్చాను.

వస్తుంటే స్కాన్ గది తలుపు కనిపించింది. బల్ల మీద పడుకున్న సేవకి గుర్తింపుగా దండలన్నకి వీఐపీ కార్డు ఇచ్చారు. ఏ అవయవాన్నైనా, ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా చూపించుకోవచ్చు. తనని గుర్తుపట్టలేదంటే ఊరుకోనని అతను దాని జిరాక్సు తలుపుకి అంటించి పోయాడు. నంబరు పెద్ద అంకెల్లో ఉంది. తమ్ముణ్ణి తోసుకొచ్చి నేనే ఆ నంబరు కొట్టాను. కంప్యూటరు నమస్కారం పెట్టింది.

డాక్టరమ్మ లోపలికొచ్చి తెర చూసింది. "ఇది దండలన్న నంబరు కదా. పడుకున్నదెవరు?"

"కంప్యూటరు అడగదటమ్మా."

ఆమె నన్ను చూసింది, వాణ్ణి చూసింది, వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

తెర మీద నా కిడ్నీ కనబడింది. దాని పక్కన కమలాపండంత నల్లటి మడుగు. "అదిగో నీరు," అంది డాక్టరమ్మ. చూస్తూనే సూది దించి ట్యూబు పెట్టింది. సంచీలోకి పసుపుపచ్చ నీరు దిగడం మొదలుపెట్టింది. సాయంత్రానికి మూత్రం సీసాలో మూడో గీత దాటింది.

"నీ కిడ్నీ అచ్చం నీలాగే అన్నా. నెత్తి మీద ఎవడైనా కూర్చుంటే అలిగి మూల పడుకుంటుంది," అన్నాడు తమ్ముడు. వాడు నన్ను వెక్కిరించి నాలుగు రోజులైంది.

ఒక్క సంగతి మర్చిపోయాం. వీఐపీ రిపోర్టులు నేరుగా మంత్రిగారి ఆఫీసుకి పోతాయి. మర్నాడు పొద్దున పార్టీ మీటింగులో కుర్చీలు సర్దుతున్న దండలన్నని, కిడ్నీ పక్కన నీరు చేరిందంటూ అంబులెన్సులో సైరన్ మోగించుకుంటూ తీసుకొచ్చారు.

"నాకు మార్పిడీ లేదు, ఏమీ లేదు మొర్రో! వదలండి!" అని కేకలేశాడు.

సూపరింటెండెంటుగారు పేపరు తెరిచి ముందు పెట్టారు. "మరి ఇందులో ఏడుస్తున్నదెవరు? నువ్వు చెప్పింది అబద్ధమైతే మంత్రిగారు చెప్పింది ఏమవుతుంది?"

దండలన్న కాసేపు ఆలోచించాడు. పార్టీలో పద్దెనిమిదేళ్ళున్న మనిషి. "అవును సార్, కాస్త నొప్పిగానే ఉంది," అని పొట్ట పట్టుకున్నాడు.

నీరు తీసేశానని, కోత అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పాకే అతనికి ఊపిరాడింది. రుజువుగా మా తమ్ముడి నీళ్ళ సంచీ తీసుకెళ్ళి అతని మంచానికి తగిలించాను. విలేకరులు దాన్ని ఫొటో తీసుకుని, "ఇంతకీ మీకు కిడ్నీ ఇచ్చిందెవరు?" అని అడిగారు.

"ఇంకెవరు? మా మంత్రిగారే!" అన్నాడు అలవాటు కొద్దీ.

పరామర్శకి వచ్చిన మంత్రిగారు కాదనలేదు. తల వంచుకున్నారు. ఎంత వినయం!

కిడ్నీ ఇచ్చిన దాతని కూడా అప్పుడప్పుడు స్కాన్ చేసి చూడాలని సూపరింటెండెంటుగారికి గుర్తొచ్చింది. ఆలస్యమెందుకని ఆ రోజే ఏర్పాటు చేశారు. మంత్రిగారిని స్ట్రెచర్ మీద తోసుకెళ్ళింది నేనే. అందరూ చూడాలని పెద్ద తెర పెట్టారు. డాక్టరమ్మ కుడి పక్క చూసింది, ఎడమ పక్క చూసింది, మళ్ళీ కుడి పక్క చూసింది.

"ఏం కనిపిస్తోందమ్మా?" అన్నారు మంత్రిగారు.

"రెండు కిడ్నీలూ ఉన్నాయండీ."

వెనక నుంచి ఒక విలేకరి, "మరి మీరిచ్చింది ఏది సార్?" అన్నాడు.

పొట్ట మీద జెల్‌తో పడుకున్న మంత్రిగారు చెయ్యి పైకెత్తారు. "నాదంటూ ఏముందయ్యా? ప్రజల దగ్గర తీసుకున్నాను, ప్రజలకే ఇచ్చాను."

గదంతా చప్పట్లు. నేనూ కొట్టాను. కొడుతుంటే ఎడమ పక్క కుట్లు లాగాయి. అయినా ఆపలేదు, కెమెరా మా వైపు తిరిగింది.