గుట్టమీద పల్లపు వరి

ఒక పెద్ద అడవిలో, ఆ రాముడి దయవల్ల, పులులకంటే కమిటీలే ఎక్కువ. వాటిలో ఒకటి వరి కమిటీ. దానికి అధ్యక్షులు పిల్లిగారు, మార్జాలరావుగారు.

"పల్లపు చేలల్లో ఏ రకం ఏపుగా పెరుగుతుందో, ఏది ఎక్కువ పండుతుందో తేల్చేస్తాం," అన్నారాయన. "గెలిచిన రకమే అడవంతా వెయ్యాలి. ఓడిన రకాల విత్తనం దంచి విజయోత్సవానికి పులిహోర."

ఆ చివరి మాట విని నీటికోడి మాచమ్మ తన గంప దగ్గరికి లాక్కుంది. ఆవిడ దగ్గరున్నవి అమ్మమ్మనాటి ఈతవడ్లు, ఒక్క గంపెడు. వరద ఎంత లేస్తే అంత లేచే వరి అది.

అయినా కమిటీ ఆజ్ఞ కాబట్టి గంప అప్పజెప్పింది. తీరా చూస్తే పరీక్ష మడులు గుట్టమీద వెలిశాయి.

"బాబుగారూ, పల్లపు వరి కదండీ, గుట్టమీద నాటుతున్నారేంటి?"

"పల్లంలో నీళ్ళుంటాయి మాచమ్మా," అన్నారు మార్జాలరావుగారు పాదం నాక్కుంటూ. "ఆ నీళ్ళలో దిగి పిలకలు లెక్కపెట్టేదెవరు, నువ్వా?"

"నేను రోజూ దిగేదే కదండీ."

"నీకు డిగ్రీ లేదు."

కమిటీ సభ్యుడు తొండ, అలవాటు ప్రకారం తలూపాడు.

నీళ్ళు లేక ఈతవడ్లు జానెడు పెరిగి మాడిపోయాయి. మార్జాలరావుగారి బావమరిది పంపిన రాజతిలకం వరి ఎండలో కళకళలాడింది. తొండ తలూపాడు. మాచమ్మ గంప వంటశాలకెళ్ళింది. పులిహోర అద్భుతమన్నారంతా. మాచమ్మ మాత్రం మెతుకు ముట్టలేదు.

ఆ ఏడు పల్లమంతా రాజతిలకమే వేశారు. భాద్రపదంలో వరదొచ్చింది. మూడ్రోజుల్లో పైరంతా కుళ్ళి బురదైంది.

కానీ భగవంతుడి లీల చూడండి. మాచమ్మ గూడు అల్లింది పాత ఈతవడ్ల గడ్డితోనే. అందులో చిక్కుకున్న నాలుగు గింజలు తొలకరికి నీళ్ళలో రాలి మొలిచాయి. వరదతోపాటు లేచాయి. కార్తీకానికి దోసెడు కంకులిచ్చాయి.

కబురు తెలిసి, ఖాళీ కడుపులతో కమిటీ వచ్చి గట్టుమీదే ఆగింది.

"ఇది మా పరిశోధన ఫలితమే," అన్నారు మార్జాలరావుగారు. "పేరు రాజతిలకం రెండు. విత్తనమంతా ఇటివ్వు, మళ్ళీ పరీక్ష పెడతాం."

"ఎక్కడండీ?"

"గుట్టమీదే. పల్లం ఇంకా తడిగా ఉంది కదా."

మాచమ్మ రామా అనుకుని, కంకులు నూర్చి, రెక్కలతో తూర్పారబట్టింది. గట్టి గింజలు గూట్లో దాచి, గింజలేని తాలు మూటగట్టి, భక్తిగా ఆయన పంజాలో పెట్టింది.

"ఎంత తేలిగ్గా ఉందో," మురిసిపోయారాయన. "గుట్టెక్కించడానికి ఇంతకన్నా మంచి రకం లేదు."

తొండ తలూపాడు.

నీతి: పరీక్షకి తాలు చాలు, గింజలు పల్లానికి దాచుకోండి.