దిగువవాగు సభ్యుని తోక

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదో కొలిచి రమ్మని పంపిన ఉపసంఘం ఇప్పటికీ తిరిగి రానంత పెద్ద అడవిలో, జంతువులు ఒక సభను నడుపుకొనేవి.

ఆ సభలో ఓటుకు చేతులెత్తే పద్ధతి లేదు. నాలుగు కాళ్లలో చేయి ఏదో తేలక మొదటి సమావేశమే రసాభాస అయింది. అందువల్ల తోకలతో ఓటు వేయాలని పెద్దలు నిర్ణయించారు. తోక ఎత్తితే బిల్లుకు అనుకూలం; దించితే వ్యతిరేకం. సభాధ్యక్షుడైన ఏనుగు స్తంభయ్య తొండం చాచి లేచిన తోకలను, వాలిన తోకలను లెక్కపెట్టేవాడు.

ఆ పద్ధతిలో చిన్న చిన్న చిక్కులు లేకపోలేదు. నెమలి అనుకూలంగా ఓటు వేస్తే, వెనుక కూర్చున్నవారి అభిప్రాయాలు కనిపించేవి కావు. కోతి తోక కొమ్మకు చుట్టుకొని ఉండడంతో, దాని అభిప్రాయాన్ని విప్పడానికే కొంత సమయం పట్టేది. తోక తెగిన బల్లికి అది మళ్లీ మొలిచేదాకా ఓటు హక్కు లేదు.

అసలు చిక్కు మాత్రం దిగువవాగు సభ్యుడైన ఎలుగుబంటి గుబురయ్యతో వచ్చింది. అతని ఒంటినిండా జుట్టు. ఆ జుట్టులో ఎక్కడో ఒక తోక ఉన్నదని అతనూ, అతన్ని కన్నతల్లీ మాత్రమే చెప్పగలరు. అది లేచినా తెలియదు, వాలినా తెలియదు. ఏ బిల్లుకు అతడు ఎటు ఓటు వేశాడో అడవిలో ఒక్క ప్రాణికీ తెలియదు.

మరొకరికైతే అది లోపం. గుబురయ్యకు అదే రాజకీయ జీవితం.

ఇలా ఉండగా అడవిపందుల నాయకుడు కోరలదొర సభలో ఒక బిల్లు పెట్టాడు. దాని పేరు సామూహిక బురదస్నాన వికాస బిల్లు. దిగువవాగు నీటిని మళ్లించి, పందుల గుట్ట కింద పెద్ద బురదమడుగు ఏర్పాటు చేయడం దాని ఉద్దేశం.

ఆ కబురు వాగులో ఉండే ముసలి తాబేలు నిదానమ్మకు చేరింది. వాగు ఎండితే మిగిలింది కొండ అవతలి నది ఒక్కటే. లేడి అక్కడికి ఒక పూటలో చేరుతుంది. నిదానమ్మ బయలుదేరితే వానాకాలం ఆమెకంటే ముందే అక్కడికి చేరి, కొంతకాలం ఎదురుచూసి, వెళ్లిపోతుంది. అంత దూరం ఎండలో ఆ డొప్పతో నడవలేనని ఆమెకు తెలుసు.

చెదపుట్టలు వెతుక్కుంటూ వాగు ఒడ్డుకు వచ్చిన గుబురయ్యను ఆమె నిలదీసింది.

“నాయనా గుబురయ్యా, పందుల బిల్లుకు నీ తోక ఎటు?”

“ఇదేం ప్రశ్న అత్తా? నా ప్రాణం మీవైపే.”

“ప్రాణం సంగతి యముడు చూసుకుంటాడు. నేను తోక సంగతి అడిగాను.”

“దించుతాను. ఎప్పుడూ దించుతూనే ఉన్నాను.”

“పోయినేడు ముళ్లకంచె బిల్లుకూ దించావా?”

“దించకపోతే ఎలా?”

“మరి కంచె పడింది కదా.”

“అందరూ నాలా దించరు కదా అత్తా” అని గుబురయ్య బరువుగా నిట్టూర్చి, పుట్టలో మూతి దూర్చాడు.

నిదానమ్మ ఆలోచన ఆమె నడకలాంటిది. ఆలస్యంగా బయలుదేరినా దారి తప్పదు. సభలో తమ సభ్యుడు ఏం మాట్లాడుతున్నాడో, ఎటు ఓటు వేస్తున్నాడో తెలుసుకోవాలని ఆమె దిగువవాగు వాసులను ఒప్పించింది. ఆ పనికి మారుపలుకు అనే గోరువంకను నియమించారు. విన్నది విన్నట్టు పలకడం తప్ప దానికి మరో దురలవాటు లేదు.

సమావేశం ముగిసిన సాయంత్రం ఇసుకతిన్నె మీద అందరూ చేరారు. గోరువంక రాతిమీద వాలి, రెక్కలు సర్దుకొని, సభ్యుని ప్రసంగాన్ని వినిపించింది.

“గుర్ర్ర్... గుర్ర్ర్... ఫూ.”

కుందేళ్ల పెద్ద తన చెవులు రెండూ ముందుకు వంచాడు. “ఇది ఏ భాష?”

“గురక” అన్నది గోరువంక.

“అది ముందుమాట అనుకుందాం. అసలు ప్రసంగం?”

“అదీ ఇదే. కొంచెం పెద్దగా ఉంటుంది.”

“మరి ఓటు?”

“మూతి ముందుకాళ్ల మధ్య దాచుకొని, వెనుకభాగాన్ని ఆకాశానికి అప్పగించి పడుకున్నాడు. తోక వెతికాను. జుట్టే కనిపించింది.”

ఇసుకతిన్నె నవ్వుతో కదిలిపోయింది. ముళ్లపంది నవ్వు ఆపుకోలేక ఒళ్లు విదిలించగా, పక్కన ఉన్నవారు నవ్వు ఆపి దూరం జరిగారు. పిల్లకుందేళ్లు వారం రోజులు గురక ఆట ఆడుకున్నాయి.

ఆ నవ్వు గుబురయ్య గుహదాకా వినిపించింది. అతడు ఉన్నపళంగా నక్క ఉపాయప్పను పిలిపించాడు. ఉపాయప్ప గెలిచినవారికీ ఓడినవారికీ ఒకే సలహా ఇచ్చి, ఇద్దరి దగ్గరా భోజనం చేసేవాడు.

“ఆ పిట్ట ఏం వింటోంది?” అని అడిగాడు ఉపాయప్ప.

“నా గురక.”

“అయితే దానికి మరొకటి వినిపించు.”

“నాకు మాట్లాడడం రాదు కదయ్యా.”

“మాట్లాడమని ఎవరన్నారు? లేవమంటున్నాను. లేచి ‘అధ్యక్షా, నాకొక సందేహం’ అను. ఏమిటని అడిగితే ‘ఉపసంహరించుకుంటున్నాను’ అను. కూర్చో. చర్చలో పాల్గొన్నట్టే.”

“సందేహం లేకపోతే?”

“లేని సందేహాన్ని ఉపసంహరించుకోవడమే తేలిక.”

మర్నాటినుంచి సభ రూపం మారిపోయింది. స్తంభయ్య తొండం ఎత్తితే గుబురయ్యకు సందేహం. దించితే సందేహం. సంతాప తీర్మానం మధ్యలో సందేహం. భోజన విరామం ప్రకటిస్తే, ప్రకటనపై సందేహం. లేచి కూర్చోవడంలో అతని నడుము సన్నబడింది కూడా.

గోరువంక ప్రతి సాయంత్రం వచ్చి వినిపించేది. సభ్యుడు లేచిన ప్రతిసారికీ కుందేళ్లు ఇసుకతిన్నె మీద ఒక ఉసిరికాయ పెట్టేవి. ఉసిరికాయలు కుప్ప అయ్యాయి. కుప్ప గుట్ట అయింది. ఎగువవాగు వారు కూడా తమ సభ్యుడికి ఒక కుప్ప పోశారు గాని, అది చిన్నది.

“మీ కుప్పను మా పసికూన కళ్లు మూసుకొని దూకుతుంది” అని కుందేళ్లు ఎగువవాగు వారిని ఏడిపించాయి.

చర్చల్లో పాల్గొనడంలో గుబురయ్య అడవి మొత్తానికి ప్రథముడని సభ ప్రకటించింది. ఉత్తమ వక్తకు ఇచ్చే అడవిమల్లెల దండ అతనికే దక్కుతుందని కూడా తెలిపింది. దిగువవాగులో కుందేళ్లు ఎగిరి గంతులేశాయి. లేళ్లు ఎందుకో తెలియకుండానే వాటితో కలిసి ఎగిరాయి.

నిదానమ్మ మాత్రం కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. దానికే మధ్యాహ్నమంతా పట్టింది.

“కుప్ప బాగుంది. ఇందులో మన వాగు గురించి మాట్లాడిన కాయ ఏది?”

గోరువంక తన ధర్మంగా “నాకొక సందేహం, ఉపసంహరించుకుంటున్నాను, నాకొక సందేహం, ఉపసంహరించుకుంటున్నాను” అని మొదటినుంచి అందుకుంది.

“చాలమ్మా” అన్నది నిదానమ్మ.

కుందేళ్ల పెద్దకు కోపం వచ్చింది. “నువ్వు ప్రతిదానికీ వంక పెడతావు అత్తా. మొదటి స్థానం వచ్చిందా, లేదా?”

“వచ్చింది నాయనా. మొదటి స్థానంలో ఈదడానికి నీళ్లుంటాయా?”

ఆమె నెమలిని అడిగి, రాలిన ఈక ఒకటి తెప్పించింది. పందుల బిల్లు ఓటుకు వచ్చేలోగా సభ్యుడు దాన్ని తోకకు కట్టుకోవాలని, అప్పుడు ఓటు ఎటో కొండమీది కాకికైనా కనిపిస్తుందని చెప్పింది. కబురందుకొని వచ్చిన గుబురయ్య గతుక్కుమని, వెంట ఉన్న ఉపాయప్ప వైపు చూశాడు. ఉపాయప్ప నవ్వుతూ తల ఊపాడు.

“కట్టుకో. నీకు అందంగా కూడా ఉంటుంది” అన్నాడు గుహకు చేరాక. “కూర్చుంటే ఈక నేలమీదే ఉంటుంది. చూసేవారికి నువ్వు ఎప్పుడూ వ్యతిరేకమే.”

“మరి పందులకు మాట ఇచ్చానే. తేనెపట్లు కూడా వచ్చేశాయి.” గుహ లోపలి గూట్లో రెండు పెద్ద తేనెపట్లు నోరూరిస్తూ ఉన్నాయి.

“వాళ్లు నిన్ను తోక ఎత్తమన్నారా? ఓటు వేళకు బయట ఉంటే చాలన్నారు. నువ్వు ఉండి దించితే రెండు పక్షాలూ సమానమై బిల్లు వీగిపోతుంది. నువ్వు లేకపోతే ఒక్క తోకతో గట్టెక్కుతుంది. అందుకని బిల్లును చీల్చి చెండాడుతూ సాయంత్రందాకా మాట్లాడు. ఓటు అనగానే మంచినీళ్లకు బయటికి వెళ్లు. మాట వాగుకు, తేనె నీకు.”

బిల్లు రోజున ఎండ మండిపోతోంది. ప్రసంగానికి గొంతు బాగుండాలని గుబురయ్య దారిలో ఒక ఇప్పచెట్టు కింద ఆగాడు. రాలిన పూలు తియ్యగా ఉన్నాయి. గొంతు మరీ బాగుండాలని మరికొన్ని తిన్నాడు. సభకు చేరేసరికి అతని గొంతు ఎంత బాగుందంటే, వాకిట్లో నిలబడిన చెట్టుకు కూడా నమస్కారం పెట్టి కుశలం అడిగాడు.

ఆనాటి ప్రసంగం ఆ సభ ఎన్నడూ ఎరగనిది.

“అధ్యక్షా, వాగు మా తల్లి. తల్లిని బురద చేస్తారా? నా ప్రాణం ఉండగా దిగువవాగులో ఒక్క చుక్కను కూడా కదలనివ్వను. నా తోక సాక్షిగా చెబుతున్నాను.”

తోక అనగానే అందరూ ఈక వైపు చూశారు. గోరువంక మెడ సాచి వింటోంది. గుబురయ్య వాగు పుట్టుకనుంచి మొదలుపెట్టి, వాన పుట్టుకకు వెళ్లి, మేఘాల వంశచరిత్రలోకి ప్రవేశించాడు. సభలో ఆవలింతలు మొదలయ్యాయి. తన ప్రసంగాన్ని అందరికంటే దగ్గరగా వింటున్నది తానే కావడంతో, ముందుగా గుబురయ్యకే కళ్లు మూతలు పడ్డాయి.

“అందుచేత అధ్యక్షా... అందుచేత...” అంటూ అతడు మెల్లగా ముందుకు ఒరిగాడు. మూతి ముందుకాళ్ల మధ్యకు చేరింది. వెనుకభాగం, అలవాటు ప్రకారం, ఆకాశానికి లేచింది. దానిమీద నెమలి ఈక నిటారుగా నిలిచి, కొండగాలికి హుందాగా ఊగింది.

“ఓటు” అన్నాడు స్తంభయ్య.

బయట పొదలో దాక్కున్న ఉపాయప్ప దగ్గాడు. ఈలవేశాడు. కప్పలా కూశాడు. లోపలినుంచి గురక ఒక్కటే జవాబు చెప్పింది.

“దిగువవాగు సభ్యుని తోక?” అని అడిగి, స్తంభయ్య తొండం చాచి చూశాడు. మూడు దిక్కులనుంచి పరిశీలించాడు. సందేహానికి తావు లేదు. “అనుకూలం.”

ఒక్క తోకతో గట్టెక్కవలసిన బిల్లు రెండు తోకల ఆధిక్యంతో నెగ్గింది. కోరలదొర కళ్లు తుడుచుకున్నాడు. ఇంత నిజాయతీ గల ఎలుగును తాను చూడలేదన్నాడు.

ఆ సాయంత్రం ఇసుకతిన్నె మీద గోరువంక మొత్తం వినిపించింది. తల్లి వాగు, తోక సాక్షి, మేఘాల వంశం, అందుచేత, అందుచేత, గుర్ర్ర్. చివరికి ఏనుగు గొంతుతో “అనుకూలం”.

కుందేళ్ల పెద్ద కుప్పలోంచి ఒక ఉసిరికాయ తీసి కొరికాడు. పుల్లగా ముఖం పెట్టాడు. మిగతావారు కూడా తలొకటి తీసుకున్నారు.

కాలువ తవ్వకం మొదలయ్యాక నిదానమ్మ తగ్గుతున్న నీటివైపు ఒకసారి చూసి, నీరు పోయేచోటికే తానూ పోదామని నడక మొదలుపెట్టింది.

బిల్లులో కాలువ తిన్నగా పందుల గుట్టకు వెళ్లాలి. కానీ తవ్వేవి పందులు. అవి తవ్వేటప్పుడు తలెత్తి చూడవు; దుంప వాసన ఎటుంటే మూతి అటు. ఇక్కడొక కంద, అక్కడొక చేమ, ఆ పైన మరొక కంద. అలా కాలువ దుంపనుంచి దుంపకు వంకలు తిరిగి, పందుల గుట్టను పక్కన వదిలేసి, ఆ పల్లానికల్లా లావైన కంద ఎక్కడ ఊరిందో అక్కడ ఆగింది. ఆ చోటు గుబురయ్య గుహ వాకిలి.

గుబురయ్య మేలుకొనేసరికి తేలుతున్నాడు.

తడిసిన ఒంటితో అతడు సభకు పరుగెత్తాడు. “అధ్యక్షా, నాకొక సందేహం...”

“ఉపసంహరించుకున్నారు” అన్నది సభ ముక్తకంఠంతో.

“లేదు, ఈసారి నిజంగానే ఉన్నది. నా ఇంట్లోకి నీళ్లు...”

“పాల్గొన్నట్టు గుర్తించాం. వారికి ఇంకొక ఉసిరికాయ పెట్టించండి” అన్నాడు స్తంభయ్య. తర్వాతి అంశానికి వెళ్లిపోయాడు.

గుబురయ్య తిరిగి వచ్చి గుహ ముందు బండమీద కూలబడిన కొంతకాలానికి, కాలువ వెంట నిదానమ్మ వచ్చి చేరింది. నదికంటే ఈ దారి దగ్గరే అయింది. లోపల నీరు లోతుగా, చల్లగా, కదలకుండా ఉన్నది. ఆమె దిగి, ఒక గుక్క తాగి, తల పైకెత్తింది.

“నాయనా, పుట్టినప్పటినుంచి ఈ నీళ్లే తాగుతున్నాను. ఇంత తియ్యగా ఎప్పుడూ లేవే.”

గుబురయ్య ఎదురుగా ఉన్న చెట్టును శ్రద్ధగా పరిశీలించాడు.

వెనుకే వచ్చిన కుందేళ్లు తాగి చూశాయి. ముళ్లపంది మూతి చప్పరించి, “రాతితేనె. పందుల గుట్టమీద తప్ప దొరకదు” అని తేల్చింది. అందరి చూపులూ నీటిమీద తేలుతున్న ఖాళీ తేనెపట్టు దగ్గర ఆగాయి.

“మీరు తప్పుగా అనుకుంటున్నారు” అన్నాడు అక్కడికి వచ్చిన ఉపాయప్ప, తడి తగలకుండా కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తూ. “ఏ సభ్యుడైనా ప్రజలకు తన ఇల్లే ఇచ్చేశాడా? వచ్చే ఎన్నికలకు ఈ ఒక్క మాట చాలు.”

దిగువవాగు మొత్తం ఆ గుహకు తరలివచ్చింది. గుబురయ్య బయట బండమీదే పడుకుంటున్నాడు. నీళ్లకు వచ్చేవారు, పోయేవారు అతన్ని పలకరించి తమ ఇబ్బందులు చెప్పుకుంటున్నారు. సభ్యుడు ఇంతగా అందుబాటులో ఉండడం అడవి చరిత్రలో ఇదే మొదలు. ఉత్తమ వక్త దండ కూడా వచ్చింది. గుహలో తగిలించుకోవడానికి పొడిచోటు లేక నీటిలో పడేస్తే, నిదానమ్మ రెండు పూటల్లో దాన్ని తినేసింది.

ఒకనాడు అతడు ఈకను ఊడదీయబోతుంటే ఆమె ఆపింది.

“అది ఉండనీ నాయనా. నువ్వు మేలుకుంటావని మాకు ఆశ లేదు. ఎటు పడుకున్నావో తెలిస్తే చాలు.”

అందుకే ఆ అడవిలో పిల్లలకు మొట్టమొదట నేర్పే నీతి ఇది: మేలుకొని అన్న మాట కుప్పకెక్కుతుంది, నిద్రలో లేచిన తోక చట్టమవుతుంది.