వెనకడుగుకి చోటు

ఆ ఉదయం బాక్సింగ్ మాస్టారు టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు వీధిలోకి చూశాడు. చూశాడన్న మాటే గానీ ఆయన కళ్ళ ముందు ఉన్నది వీధి కాదు, చెరువంత బాక్సింగ్ రింగు. దాని నిండా తెల్లటి వెలుగు. ఆ వెలుగులో ఆయన శిష్యుడు అడుగుల చప్పుడు కూడా వినపడకుండా వెనక్కి, ఇంకా వెనక్కి, గాలికి తేలిపోతున్నట్టు జరిగిపోతున్నాడు. వాడి వెంట పడినవాడు రొప్పి రొప్పి, చివరికి రింగు మధ్యలో తనంతట తానే కూలబడి కునుకు తీశాడు. మాస్టారికి ఎంత సంతోషం వేసిందంటే, టీ చల్లారిపోయిన సంగతి కప్పు ఖాళీ అయ్యాక గానీ తెలియలేదు.

ఆ శిష్యుణ్ణి అందరూ పిల్లి అంటారు. ఎదుటివాడికి అందకుండా వెనక్కి జరుగుతూ వాణ్ణి అలసిపోనివ్వడం, అలిశాక మెల్లగా రెండు తగిలించడం. మాస్టారు నేర్పిన విద్య అంతా అదే. ఆ విద్యతో పిల్లి పెద్దగా ఓడిందీ లేదు, గొప్పగా గెలిచిందీ లేదు. చూడవచ్చినవాళ్ళే ఆవలిస్తూ ఇంటికి పోయేవారు. అలాంటివాడికి ఎట్టకేలకు టైటిల్ పోటీ వచ్చింది. ఇదీ చేజారితే గ్లవ్స్ పక్కన పడేసి మేనమామ ఫర్నిచర్ షాపులో కూర్చుంటానని వాడు తేల్చి చెప్పేశాడు. మాస్టారి శిక్షణశాలలో చెప్పుకోదగ్గవాడు వాడొక్కడే. వాడు పోతే తలుపుకి తాళం వేసుకోవడమే.

ఎదుటివాడి పేరు రోడ్డు రోలర్. వాడి గురువు మరెవరో కాదు, మాస్టారి తోడల్లుడు. పోటీ ఎక్కడ పెట్టాలో గురువులిద్దరూ ఒక మాట మీదకి రావాలని, రాకపోతే ఆ టైటిల్ పోటీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని నిర్వాహకుడు చెప్పాడు. ఉన్నవి రెండే చోట్లు. ఒకటి ఊరి చివర కొత్త స్టేడియం, రెండోది బజారు వెనక మూతపడ్డ సినిమా థియేటరు. స్టేడియంలో పెద్ద రింగు పడుతుంది. థియేటరు వేదిక మీద బుల్లి రింగు తప్ప పట్టదు. అందులో పిల్లి రెండడుగులు వెనక్కి వేస్తే వీపుకి తాళ్ళు తగులుతాయి.

కాబట్టి మాస్టారికి కావలసింది స్టేడియం. కానీ నోరు తెరిచి అడిగితే అది రాదు. మామగారింట్లో ఫ్యాను కింద మంచం దగ్గర మొదలైన పంతం, చిన్నల్లుడైన మాస్టారు ఏది కోరితే పెద్దల్లుడు దానికి అడ్డం పడతాడు. అందుకని రింగులో చేసే పనే ఇంట్లోనూ చెయ్యాలని మాస్టారు నిశ్చయించుకున్నాడు. కుడి చెయ్యి ఊపి చూపించాలి, ఎడమ చేత్తో కొట్టాలి. ఊపి చూపించడానికి భార్యని మించిన దారి లేదు. ఆమెకి పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి వాళ్ళక్కకి తెలుస్తుంది, సాయంత్రానికి తోడల్లుడికి చేరుతుంది. ఆమెకి అసలు సంగతి చెబితే అసలు సంగతే చేరుతుంది గనక, చెప్పలేదు.

"ఏమోయ్, పోటీ ఆ పాత థియేటరులో పెడితే బాగుంటుందని నాకు మహా కోరికగా ఉంది" అన్నాడు.

"ఆ బూజు కొంపలోనా?"

"ఒకసారి వచ్చి చూడు."

నమ్మకం కుదరాలని ఆమెని వెంటబెట్టుకుని వెళ్ళాడు. లోపల చల్లగా, మసకగా ఉంది. పైకప్పులో ఒక రేకు లేచిపోయి, ఆ సందులోంచి ఎండ ఏటవాలుగా వేదిక మీదకి దిగుతోంది. ఆ వెలుగులో దుమ్ము బంగారు రజనులా తేలుతోంది. చిరిగిన ఎర్ర కుర్చీలు ఎవరికోసమో ఎదురుచూస్తూ వరసగా కూర్చున్నాయి. మాస్టారు నాలుగు అబద్ధాలు చెబుదామని గొంతు సవరించుకున్నాడు. కానీ ఆ చోటు మాటల్ని ఎక్కడికో లాక్కుపోయింది.

"ఇక్కడ చప్పట్లు కొడితే తిన్నగా పైకి పోతాయి. పోయి, కాసేపు అక్కడే తిరిగి, చినుకుల్లా మెల్లగా మన మీద రాలతాయి. చిన్నప్పుడు నాకు ఇలాంటి చోట నిలబడాలని ఉండేది. ఎవరికీ చెప్పలేదు."

చెప్పాక ఆయనకే గుండె బరువెక్కింది. ఇది ఎత్తుగడలో భాగమో కాదో తేల్చుకోలేక ముక్కు తుడుచుకున్నాడు. భార్య ఆయనవైపు తిరిగి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి తనకంటూ ఫలానాది కావాలని అడగగా ఆమె విననే లేదు.

అనుకున్నట్టే సాయంత్రానికి తోడల్లుడు ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, ఆ పాడు కొంపకి నేను చస్తే ఒప్పుకోను. స్టేడియమే."

"నీ ఇష్టం అన్నయ్యా" అని దిగాలుగా అని, ఫోన్ పెట్టేసి మాస్టారు గదిలో ఒక్కడే రెండు గంతులు వేశాడు. అక్కడితో ఊరుకుంటే కథే లేకపోయేది. కానీ దెబ్బ నిజమని నమ్మించాలంటే బాధ కూడా నిజంలాగే కనిపించాలి కదా. అందుకని కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని నిట్టూర్చడం మొదలుపెట్టాడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోయేవాడు. శిక్షణశాలకి వెళ్ళి బిస్కెట్లు నమిలేవాడు. అద్దంలో చూసుకుంటే ఒళ్ళు కాస్త పెరిగినట్టే అనిపించింది.

భార్యకి మాత్రం మనిషి సగమయ్యాడనిపించింది. ఒక మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళి, "బావగారూ, మీ పట్టుదల తరవాత. అక్కడ మనిషి కరిగిపోతున్నాడు" అని కంటతడి పెట్టుకుంది. అక్క అంతకంటే ఎక్కువ ఏడ్చి, ఆ థియేటరు ఖాయం అయ్యేదాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదని చెప్పేసింది.

మర్నాడు తోడల్లుడు స్వయంగా వచ్చి మాస్టారిని గట్టిగా వాటేసుకున్నాడు.

"థియేటరే తమ్ముడూ. నిర్వాహకుడికి చెప్పేశాను. ఇన్నేళ్ళలో నీ ముచ్చట ఒక్కటీ తీరనివ్వలేదు, పాపిష్టివాణ్ణి."

మాస్టారు కౌగిలి విడిపించుకున్నాడు. "వద్దన్నయ్యా. నీ మాటే నెగ్గాలి. స్టేడియమే కానీ."

"చూశావటే ఎంత మంచివాడో" అని తోడల్లుడు మరదలివైపు తిరిగి కళ్ళు ఒత్తుకున్నాడు. మాస్టారు వద్దన్నకొద్దీ ఆయన పట్టు బిగించాడు. నిజం చెప్పేద్దామని మాస్టారు భార్య మొహం చూశాడు. ఆ మొహం దీపం పెట్టినట్టు వెలుగుతోంది. ఇక చెప్పడం మానుకున్నాడు.

సంగతి విని పిల్లి గ్లవ్స్ విప్పి పక్కన పెట్టాడు. తరవాత, "మరి నేను ఎక్కడికి నడవాలి మాస్టారూ?" అన్నాడు.

"చూద్దాంలేరా" అన్నాడు మాస్టారు. ఏం చూడాలో ఆయనకీ తెలియదు.

పోటీ నాడు థియేటరు కిటకిటలాడింది. మాస్టారికి అంతా కలలో జరుగుతున్నట్టే ఉంది. దీపాలు మంచులోంచి వెలుగుతున్నట్టున్నాయి, గంట ఎక్కడో దూరంగా మోగింది. పిల్లి అలవాటు ప్రకారం వెనక్కి అడుగు వేశాడు, తాళ్ళు తగిలాయి. పక్కకి జరిగాడు, అక్కడా తాళ్ళే. రెండు రౌండ్లు రోడ్డు రోలర్ వాణ్ణి మూలకి నెట్టి చదును చేశాడు. మాస్టారి మనసులో ఫర్నిచర్ షాపు తలుపులు తెరుచుకున్నాయి.

మూడో రౌండులో వీపు మళ్ళీ తాళ్ళకి ఆనగానే, పోవడానికి మరో చోటు లేక, పిల్లి ముందుకి వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు రింగులో ముందుకి అడుగు వెయ్యడం అదే మొదలు. రోడ్డు రోలర్ నెలల తరబడి నేర్చుకున్నది పారిపోయేవాణ్ణి తరమడం ఒక్కటే. తన మీదకి వచ్చేవాణ్ణి ఏం చెయ్యాలో అతనికి ఎవరూ చెప్పలేదు. అడ్డు పెట్టుకోవడం కూడా మరిచి నిలబడ్డాడు. పిల్లి ఎడమ గుద్దు దవడ మీద పడింది. రోడ్డు రోలర్ వెల్లకిలా పడి, పైకప్పు వైపు ప్రశాంతంగా చూస్తూ ఉండిపోయాడు. చప్పట్లు నిజంగానే పైకి పోయి, తిరిగి, మెల్లగా రాలాయి.

తోడల్లుడు అల్లంత దూరం నుంచి చూసి, "నా చేతులతో నేనే ఇచ్చానే" అని గొణుక్కుని, అయినా వచ్చి మాస్టారి చెయ్యి ఊపి వెళ్ళాడు. విలేఖరి ఒకడు గెలుపు రహస్యం అడిగాడు. భార్య పక్కనే నిలబడి ఉంది. "చోటు ఎంపికలోనే ఉందండీ అంతా" అన్నాడు మాస్టారు.

ముగ్గురూ కలిసి ఇంటికి నడిచారు. టైటిల్ బెల్టు భుజాన వేసుకున్న పిల్లి దారిలో ఆగి, "మాస్టారూ, ముందుకి పోతే ఇంత తేలిగ్గా పడిపోతారని తెలిసి, ఇన్నేళ్ళూ నన్ను వెనక్కి ఎందుకు నడిపించారు?" అన్నాడు.

మాస్టారు వాడి భుజం మీది బెల్టు సరిచేశాడు. "ఇవాళ్టి కోసమేరా" అన్నాడు.

వీధి మలుపు తిరిగేసరికి ఆ మాట మీద ఆయనకీ నమ్మకం కుదిరింది.