దేవరకొండ మలబారు

"దేవరకొండను రెండో మలబారు చేసి చూపిస్తాను!" అని మంత్రిగారు ప్రకటించారు. ఆయన అప్పుడే మలబారు తిరిగొచ్చారు. అక్కడ కొండల మీద మిరియాలు, యాలకులు చూశారు. కొండ మాకూ ఉంది. దాని మీద కోట కూడా ఉంది. వాన ఒక్కటే తక్కువ. అది చిన్న విషయమని ఆయన సభలోనే సెలవిచ్చారు.

మొదటి తోట భాగ్యం మా బావికి దక్కింది. సమితి ఆఫీసరు రామచంద్రం గారు జీపు దిగి బావిలోకి తొంగిచూసి, "నీళ్లున్నాయండీ!" అని ఎంతో సంతోషించారు. ఆ నీళ్లతోనే మా నర్సింగమ్మ అవ్వ మిరపమడి పారుతుంది. ఇంటికి ఏడాది కారం అదే. మిగిలిన కాయలు అంగట్లో అమ్మితేనే మాకు బట్టలు.

"పూత మీదున్నది సారూ. గిప్పుడు నీళ్లు బందు వెడితే సచ్చిపోతది" అంది అవ్వ.

"మిరపకాయ ఎవరైనా పండిస్తారమ్మా. మిరియమంటే డాలర్లు!"

"గవ్విటిని కూర్ల ఏసుకుంటరా?"

ఆఫీసరుగారు ఓపికమంతులు. అవ్వకు జవాబు చెప్పకుండా, మోట నీళ్లు తోటకు మళ్లించమని మా నాయినకు ఆర్డరిచ్చారు.

తీగముక్కలు మలబారు నుంచి రైల్లో వచ్చాయి. దారిలో ఎక్కడెక్కడ ఆగాయో గానీ, వచ్చేసరికి పొయ్యిలోకి సిద్ధంగా ఉన్నాయి. సర్కారు తీగలు కాబట్టి నాటాం. మా ఎడ్లు పొద్దంతా మోట లాగాయి. ఎండుపుల్లలు అంత శ్రద్ధగా నీళ్లు తాగడం నేనెన్నడూ చూడలేదు. పక్కనే మిరప పూత రాలిపోయింది. చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి. అవ్వ ఆశ వదల్లేదు.

ఇంతలో మంత్రిగారు తోట చూడ్డానికి వస్తున్నారని కబురు. రామచంద్రం గారు కంగారుపడే మనిషి కాదు. జీపు నిండా పచ్చని తమలపాకు తీగలు తెచ్చి, పుల్లలు పీకించి ఆ జాగాలో నాటించారు. "రెండూ ఒకే వంశం. అన్నదమ్ములు" అని మాకు బోధించారు. కిరాణా దుకాణంలో మిరియాలు తెప్పించి, తుమ్మబంకతో తీగలకు అంటించే పని నాకూ, మా చెల్లె కౌసల్యకూ అప్పగించారు. ఆడపిల్లల చేతికి నేర్పు ఎక్కువట. మా వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి గానీ దేశసేవ ఆగలేదు.

"మంత్రికి ఆకువక్క పెడత బిడ్డా" అని అవ్వ నా చెవిలో చెప్పింది. "నోట్లె వడ్డంక గదేం ఆకో గాయినకే ఎరుకైతది. మన నీళ్లు మనకొస్తయి."

మంత్రిగారు వచ్చారు. నల్లని గింజల్ని మెల్లగా తడిమారు.

"తీగ మీదే ఎండిపోయాయే!"

"ఇక్కడి ఎండ మహిమండి. ఆరబెట్టే ఖర్చు మిగిలింది."

"పాపం, మలబారు వాళ్లకు ఈ సౌకర్యం లేదు" అని మంత్రిగారు జాలిపడ్డారు.

అప్పుడు అవ్వ ముందుకొచ్చింది. అందరూ చూస్తుండగా ఆ తీగ నుంచే ఆకులు తెంపి, సున్నం రాసి, వక్క పెట్టి చేతికిచ్చింది. ఆఫీసరుగారి ఖద్దరు చొక్కా వీపున తడిసిపోయింది. మంత్రిగారు కళ్లు మూసుకుని చాలాసేపు నమిలారు. పెదాలు ఎర్రబడ్డాయి.

"ఏం ఘాటు! మిరియాల ఆకు ఇంత రుచిగా ఉంటుందని మలబారు వాళ్లకే తెలియదయ్యా!"

"అయ్యా, గది తమలపాకు" అంది అవ్వ.

మంత్రిగారు ముద్దుగా నవ్వారు. "పిచ్చి అవ్వా! మిరియాల తీగకు తమలపాకు ఎట్ల కాస్తది?"

చప్పట్లు మోగాయి. మా నాయిన కూడా కొట్టాడు. వచ్చే ఏడాది ఊళ్లో ఉన్న బావులన్నీ మిరియాలకేనని మంత్రిగారు అక్కడికక్కడే ప్రకటించారు.

జీపు ఎక్కబోతూ ఒక్క క్షణం ఆగారు. పక్కకు తిరిగి, మా మిరపమడిలో ఉమ్మారు.

ఈ ఏడాది ఆ మడిలో మేం చూసిన ఎరుపు అదొక్కటే.