అరవై ఒక్క గ్రాములు

కూరలో ఉప్పెంత వేయాలో తెలియని మగవాళ్ళు లోకంలో కొల్లలు. అందులో వింతేమీ లేదు. ఆ సంగతి కనిపెట్టడానికి ఆఫీసు త్రాసును సంచీలో దాచి దొంగలా ఇంటికి తెచ్చుకున్నవాడు మాత్రం ఒక్కడే. ఆయన్ను వీధంతా మిల్లీగ్రాము గారు అంటుంది.

ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఆయన వీధి మలుపు తిరిగితే చాలు, కొట్లలో త్రాసులు వాటంతటవే బుద్ధి తెచ్చుకునేవి. పొట్లం మీద బరువు రాయకపోయినా, తయారుచేసినవాడి పేరు రాయకపోయినా కేసు రాసేవాడు. ఇంత తెలిసిన మనిషికి ఇంట్లో గరిటె ఏ మేకుకు వేలాడుతుందో తెలియదు. అన్నం కంచంలోనే పండుతుందని పాతికేళ్ళుగా ఆయన నమ్మకం.

ఆ ఏడు చలి వెనక్కి తగ్గి చెట్లు చిగురు పెట్టేసరికి బజారంతా పచ్చబడింది. లేత పాలకూర, తొక్క పలచని బఠాణీలు, వేలెడంత ముల్లంగి, కొత్త బంగాళాదుంపలు. ఈ కాలంలో ఆయన భార్య వంటకి పెద్ద హడావుడి చేయదు. లేత కూరకి మసాలా దట్టించడం పసిపిల్ల మొహానికి రంగు పూయడం లాంటిదని ఆవిడ అంటుంది. కాస్త నూనె, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, పైన మూత. అంతే.

ఆ కూర డబ్బా మూత ఆఫీసులో తీసినప్పుడు వచ్చింది తంటా. కొత్తగా వచ్చిన పెద్దమేడం ఒక చెంచా పాలకూర రుచి చూసి, "ఇది వండిన చేతికి కొలత తెలుసు" అన్నది.

ఉత్తినే బాగుందని ఉంటే ఆయన భార్య సంగతి చెప్పేవాడేమో. కొలత అనే మాట చెవిన పడేసరికి ఒళ్ళు తెలియలేదు. తన శాఖలో, తన ఎదుట, కొలత ఇంకొకరికి తెలియడమేమిటి?

"నేనే వండాను మేడం" అనేశాడు.

ఒక అబద్ధం ఒంటరిగా ఉండలేదు కదా. సోమవారం బఠాణీలూ తనవే అయ్యాయి, బుధవారం బంగాళాదుంపలూ తనవే. మూడో వారానికి ముల్లంగి తొక్క ఎలా తీయాలో తోటివాళ్ళకి ఉపన్యాసాలు ఇస్తున్నాడు. అప్పుడు పెద్దమేడం, వచ్చే ఆదివారం మీ ఇంటికే భోజనానికి వస్తాను, ఆ పాలకూరే వండి పెట్టండి అన్నది.

ఆవిడ తప్పు చేస్తే క్షమిస్తుంది గానీ అబద్ధమాడితే క్షమించదు. జలుబని సెలవు పెట్టి సినిమాకి వెళ్ళిన గుమస్తాను, మనుషుల కన్నా ఎలుకలు ఎక్కువున్న ఏదో గోదాముకి బదిలీ చేసింది. అతను ఇప్పటికీ అక్కడే తుమ్ముతున్నాడు.

మిల్లీగ్రాము గారు ఆ సాయంత్రం ఇంటికొచ్చి, వంటింటి గుమ్మం మీద చెయ్యి పెట్టి, ఏదో మాటవరసకి అడుగుతున్నట్టు అడిగాడు.

"ఏమోయ్, పాలకూరలో ఉప్పెంత వేస్తావు?"

"తగినంత."

"తగినంత అంటే?"

"ఎక్కువా కాకుండా, తక్కువా కాకుండా."

"ఇలాంటి జవాబు చెప్పిన కొట్లకి నేను సీలు వేశాను, తెలుసా?"

"నా వంటింటికీ వేయండి. భోజనానికి రమ్మని మిమ్మల్ని పక్కింటివాళ్ళు పిలుస్తారు."

ఇక లాభం లేదని పథకం వేశాడు. వసంతకాలంలో ఆకుకూర ఒంటికి మంచిదని చెప్పి రోజూ రెండు కట్టల పాలకూర తెచ్చి పడేశాడు. పొద్దున్నే ఆవిడ స్నానానికి వెళ్ళగానే ఉప్పు డబ్బా, నూనె సీసా, వెల్లుల్లి గిన్నె వరసగా త్రాసు మీద పెట్టి తూచాడు. వంట ముగించి ఆవిడ బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళగానే మళ్ళీ తూచాడు. అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. నాలుగు రోజులు తూచితే ఉప్పు సగటున అరవై ఒక్క గ్రాములు తేలింది. పెళ్ళాం పాతికేళ్ళుగా దాచిన రహస్యం చొక్కా జేబులో పడిందని మీసం దువ్వుకున్నాడు.

ఉప్పు డబ్బా మూత తిరగేసి పెట్టి వెళ్ళేవాడని మాత్రం ఆయనకి తెలియదు. ఆవిడకి మొదటి రోజే తెలుసు. రెండో రోజు మంచం కింద త్రాసు, చొక్కా జేబులో 'ఆదివారం మేడంకి పాలకూర' అని రాసుకున్న పుస్తకం కూడా కనపడ్డాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది, తాగనీ అనుకుని ఊరుకుంది.

ఆదివారం పొద్దున, పాపం మీ అక్కని చూసి ఎన్నాళ్ళయిందో, వెళ్ళి సాయంత్రం దాకా ఉండి రా అని ఆయన భార్యని బతిమాలాడు. పెళ్ళయ్యాక ఆ అక్క పేరు ఆయన నోట రావడం అదే మొదటిసారి. ఆవిడ చీర మార్చుకుని, ఒక గిన్నె చంకన పెట్టుకుని బయల్దేరింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది.

"ఆకులో పురుగులుంటాయి. కడగడం మరిచిపోకండి."

ఆయన గతుక్కుమన్నాడు. ఆడవాళ్ళకి అలవాటుగా ఏదో గొణుక్కోవడం ఉంటుందిలే అని సర్దుకున్నాడు. కడగడంలో ఏముంది, నీళ్ళేగా.

కుళాయి కింద ఆకుని ఒకసారి చూపించి తీశాడు. మూకుడులో కొండంత పోశాడు. మూత తీసి చూస్తే పిడికెడు మిగిలింది. కూరలమ్మే మనిషి తూకంలో మోసం చేసిందని నిర్ధారించుకుని, ఆమె మీద కేసు రాయాలని పుస్తకంలో గుర్తు పెట్టుకున్నాడు. వెల్లుల్లి మాడి బొగ్గయింది. నూనె చిట్లి బనియను మీద దేశపటం గీసింది. ఉప్పు మాత్రం త్రాసు మీద, గాలి తగలకుండా కిటికీ మూసి, అరవై ఒక్క గ్రాములు నికరంగా తూచి వేశాడు.

పెద్దమేడం సరిగ్గా పన్నెండున్నరకి వచ్చింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. గ్లాసుడు నీళ్ళు తాగింది. గ్లాసు చూపించి ఇంకోసారి పోయమంది.

"ఉప్పెంత వేశారు?"

"అరవై ఒక్క గ్రాములు మేడం. నాలుగు రోజుల సగటు." సాక్ష్యానికి పుస్తకం కూడా తీసి చేతికిచ్చాడు. తెలివి అలాంటిది.

ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని పైకి చదివింది. "ఆరూ పది, ఆమె స్నానానికి వెళ్ళెను, డబ్బా తూచితిని. ఏడూ నలభై, ఆమె మేడ మీదికి వెళ్ళెను, మరల తూచితిని." పుస్తకం మూసింది. "వండేది మీరే కదా. మీ ఉప్పు మీరే చాటుగా తూచుకోవడం దేనికి?"

మిల్లీగ్రాము గారికి గోదాములో ఎలుకలు కళ్ళముందు బారులు తీరాయి.

అప్పుడే తలుపు తీసుకుని భార్య లోపలికి వచ్చింది. వెళ్ళింది అక్క ఇంటికే, ఆ ఇల్లు రెండు వీధుల అవతల; అక్కడే కూర వండింది. చంకన గిన్నె ఉంది, మూత సందులోంచి పాలకూర ఆవిరి వస్తోంది. పెద్దమేడం ముందున్న కంచం తీసేసి ఇంకో కంచం వేసి వడ్డించింది. పెద్దమేడం తిన్నది. రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నది. తర్వాత, ఇందులో ఉప్పెంత అని అడిగింది.

"మీ ఇన్‌స్పెక్టరు గారి లెక్కలో అయితే పది గ్రాములుంటుందేమోనమ్మా. ఈ కాలపు ఆకులో సన్నపురుగు ఉంటుంది. కడిగే నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపితే పైకి తేలుతుంది. మిగతా యాభై ఆ నీళ్ళలోకి పోతుంది." ఆవిడ మొగుడి వంక చూసింది. "ఈయన పురుగుల వాటా కూడా తూచి మీకు పెట్టారు."

పెద్దమేడం నవ్వలేదు. ఇన్నాళ్ళూ ఆఫీసుకొచ్చిన కూరలు ఎవరివో మీ నోటితో చెప్పమంది. మిల్లీగ్రాము గారు భార్య వంక చూసిన చూపు కసాయివాడి చేతిలో మేక కూడా చూడదు. ఆయనే వండాడని ఆవిడ అంటే ఉద్యోగం ఇక్కడ, కాదంటే గోదాములో.

"అబద్ధం ఎందుకమ్మా, ఇద్దరిదీను" అన్నది ఆవిడ. "తిరగమోత నాది. మోత ఆయనది."

అప్పుడు నవ్వింది పెద్దమేడం. నవ్వి, వెళ్ళే ముందు తీర్పు చెప్పింది. సరుకు మీద తయారుచేసినవారి పేరు తప్పుగా చూపితే మన శాఖ ఏం చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఈసారికి బదిలీ లేదు గానీ రేపట్నుంచి మీ డబ్బా మీద నిబంధనల ప్రకారం చీటీ ఉండాలి, నేనే తనిఖీ చేస్తాను అన్నది.

సోమవారం పొద్దున ఆయన వాకిట్లో పీట వేసుకుని, ఉప్పు నీళ్ళ బేసిన్లో పాలకూర కడుగుతూ కూర్చున్నాడు. ఆ కాలమంతా ఆ పీట ఆయనదే అయింది. ఆవిడ లోపల కూర దించి, డబ్బాలో సర్ది, మూత మీద చీటీ అంటించి ఇచ్చింది. ఏం రాసిందో చదివే ధైర్యం దారిలో ఆయనకి రాలేదు.

మధ్యాహ్నం పెద్దమేడం ఆఫీసంతా వినేలా చదివింది. "తయారీ: ఇంటావిడ. రవాణా: ఇంటాయన. నికర బరువు: తగినంత."

చదివి, తనిఖీ చేసినట్టు కింద సంతకం పెట్టమని కలం ఆయన చేతికే ఇచ్చింది. ఆ మాట అన్నందుకు కొట్లకి సీళ్ళు వేసిన చెయ్యే సంతకం పెట్టింది.