చుక్కకూర ఖండం

యూరప్ వాళ్ళు మిరియాల కోసం ఓడలెక్కి మన తీరానికి వచ్చిన ఐదు శతాబ్దాల తర్వాత, మనవాళ్ళు చుక్కకూర కోసం కార్లెక్కి వాళ్ళ పల్లెకు వెళ్ళారు. ఈ సాహసయాత్రకు జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్‌లోని ఒక తెలుగు సంఘం అధ్యక్షులు భాస్కర్ రావు గారు స్వయంగా నాయకత్వం వహించారు.

కారణాలు మామూలువే. మన దుకాణాల్లో గోంగూర కూడా అప్పుడప్పుడూ కనిపిస్తుంది, చుక్కకూర కనిపించదు. ఆ లోటుతో మన ఇంజనీర్లు ఏళ్ళ తరబడి టమాటా పప్పు తింటూ మౌనంగా కుమిలిపోయారు. అలాంటి సమయంలో సంఘ సభ్యుడు శరత్ కూతురు హారిక నోరు జారింది.

హారిక అసలు నోరు విప్పే పిల్ల కాదు. నల్లగొండ దగ్గర పల్లెబడిలో చదివి, నాన్న ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చింది. క్లాసులో ఎవరైనా పలకరిస్తే బూట్ల వంక చూసుకునేది. ఈ దేశంలో ఆమెకున్న స్నేహం ఒక్కటే: పక్క పల్లెలో తోట పెంచుకునే బ్రింక్‌మన్ అవ్వ. అవ్వ సూప్ కోసం వేసుకున్న ఆకు అచ్చం చుక్కకూరే. వేరు కదలకుండా బయటి ఆకులే తుంచాలని అవ్వ నేర్పింది. తుంచుతూ తుంచుతూ హారిక జర్మన్ నేర్చుకుంది. తప్పు మాట్లాడితే అవ్వ నవ్వదు మరి.

ఒకనాడు పప్పు కలుపుకుంటూ, "ఈ కూర యాడిది బిడ్డా?" అన్నాడు శరత్. చెప్పింది. ఆ ఆదివారమే భాస్కర్ రావు గారు జర్మనీలో చుక్కకూరను కనిపెట్టారు.

కనిపెట్టడమంటే, ఎవరో నాటి నీళ్ళు పోసుకుంటున్న చోటికి మనం మొదటిసారి వెళ్ళడం. కార్ల దండు దిగేసరికి తోటలో ఒక స్థానికురాలు కనిపించింది. కాఫీ ఇచ్చింది కాబట్టి స్నేహశీలి అని నిర్ధారించారు. పూర్వం నావికులు ఇలాంటి చోట్ల గాజుపూసలతో సరిపెట్టేవారు. మనం సంస్కారవంతులం. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి, చప్పట్లు కొట్టి, ఆపైనే సంచులు తెరిచాం.

"వేళ్ళతో సహా పీకండర్రా, బాల్కనీలో నాటుకుందాం!" అన్నారు విజయలక్ష్మి గారు.

"వేళ్ళు వద్దాంటీ..." అంది హారిక. ఎవరికీ వినపడలేదు. ఆమెకే సరిగా వినపడలేదు.

ఇంతలో ఉపాధ్యక్షులు మురళీ గారు, "ఆ తూర్పు మళ్ళు మా కోస్తావాళ్ళకి వదిలేయండి" అన్నారు.

"గదెట్లనే అన్నా? జూసింది మా నల్లగొండ పిల్ల!" అన్నాడు శరత్.

అధ్యక్షుల వారు నీళ్ళ పైపును తోట నడుమ సరిహద్దుగా పరిపించారు. శాంతి నెలకొంది. అవ్వ ఏ పక్కకు వస్తుందో ఎవరూ అడగలేదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"మేం దోచుకోడానికి రాలేదు, సంస్కృతి పంచడానికి వచ్చాం! మన మిరపకాయ అనాదిగా మనదే, ఏ పరదేశీ తెచ్చింది కాదు! నేటి నుంచి ఈ నేల పేరు భాస్కర వనం! అమ్మా హారికా, స్థానికులకు అనువదించు."

పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి దిగిన మిరపకాయ ఈ మాట వింటే ఇంకాస్త ఎర్రబడేది.

అందరూ హారిక వైపు తిరిగారు. శాలువాలో ముడుచుకుని, ఖాళీ అవుతున్న మళ్ళను చూస్తున్న అవ్వ కూడా తిరిగింది. ఇక ఈ గేటు తనకు తెరుచుకోదని హారికకు అర్థమైంది. బూట్ల వంక చూసుకుంది. తలెత్తింది. గట్టిగా, తప్పుల్లేని జర్మన్‌లో అనువదించింది:

"అవ్వా, వీళ్ళకు దారి చూపింది నేనే. మన్నించు. మాటలతో చెబితే వెళ్ళరు. కుళాయి నీ వెనకే ఉంది."

అవ్వ లేచింది. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టింది. కుళాయి తిప్పి, సరిహద్దును చేతిలోకి తీసుకుంది.

రెండు రాష్ట్రాలూ సమానంగా తడిశాయి. "మేడమ్, మేం పెద్ద ఉద్యోగాల బ్లూకార్డు వీసా వాళ్ళం!" అని దండులోని సందీప్ అరిచాడు. నీళ్ళకు ఆ తేడా తెలియలేదు. నౌకాదళం సంచులు వదిలేసి పారిపోయింది. స్థానికులు జలాభిషేకంతో ఘనస్వాగతం పలికారని సంఘం ఆ సాయంత్రమే ప్రకటించింది.

తోటలో మిగిలిన ఇద్దరూ పీకిన వేళ్ళను ఏరి, చీకటి పడేదాకా తిరిగి నాటారు. "శనివారం వచ్చి నీళ్ళు పోయాలి" అంది అవ్వ, గేటు తాళంచెవి హారిక చేతిలో పెడుతూ.

మొక్కలు మళ్ళీ చిగురిస్తున్నాయి. ఆ పల్లె పేరు మాత్రం ఇందులో ఎక్కడా రాయలేదు. మొదటి నుంచీ మీరు దానికోసమే చూస్తున్నారని మాకు తెలుసు.